నమ్మేటట్టు ఒక అబద్ధం

ధర్మపురి బస్టాండుకు ఎదురుగా, కళ్ళజోళ్ళ అంగడి పైన ఉన్న స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో లక్ష్మణ మొదటి రోజే చేయకూడని పని ఒకటి చేశాడు. తెలుగులో మాట్లాడాడు.

అందులో తప్పేముంది అంటారేమో. తమిళనాడులోని ఈ ధర్మపురిలో తెలుగు ఇంటి మాట. గడప దాటితే అంతా అరవమే. అక్కడి తెలుగువాళ్ళకు చిన్నప్పటి నుంచీ ఒక ధీమా ఉంటుంది, నలుగురిలో తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికీ అర్థం కాదని. బస్సులో పక్కవాడి చొక్కా గురించీ, పెళ్ళిలో సాంబారు గురించీ వాళ్ళు తెలుగులోనే చెప్పుకొని నవ్వుకుంటారు. లక్ష్మణ కూడా ఆ ధీమాతోనే చిక్కుకున్నాడు.

బయట వాన. లోపల టీచరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఫార్-ఫెచ్డ్ అని రాసింది. సరిగ్గా అప్పుడే చివరి బెంచీలో లక్ష్మణ ఫోను మోగింది. మహేంద్రమంగళం నుంచి వాళ్ళమ్మ పాపక్క. వాన పడతా ఉంది, గొర్రెల్ని తోలుకొచ్చేసినాను, నువ్వెప్పుడు వస్తావని.

"ఉండమ్మా, క్లాసులో ఉండాను," అన్నాడు బెంచీ కిందికి వంగి, గుసగుసగా. "టీచరమ్మ చూసేదానికి చిన్నపిల్ల మాదిరి ఉంది. కోపం చూస్తే మన నల్లపొట్టేలే. పొడిచేస్తుంది, పెట్టేయ్."

టీచరు తల తిప్పలేదు. అరవంలో పాఠం సాగించింది.

"ఇది అబద్ధం అని చెప్పే మాట కాదు. జరిగే వీలు బాగా తక్కువగా ఉన్న ఆలోచనకు వాడతాం. ఎక్కడో దూరం నుంచి మోసుకొచ్చి ఇక్కడ అతికించినట్టుండే మాటకు. ఐడియా ఫార్-ఫెచ్డ్ కావచ్చు, కథ కావచ్చు, సాకు కావచ్చు. మనిషికి మాత్రం వాడకూడదు."

చెబుతూనే బెంచీల మధ్య నడిచి లక్ష్మణ దగ్గర ఆగింది. ఈసారి నోరు తెరిస్తే అచ్చంగా ఇంటి తెలుగు వచ్చింది.

"ఒక ఉదాహరణ చెప్తాను. ధర్మపురిలో ఇంగ్లీషు టీచరమ్మకి తెలుగు వచ్చుంటుంది అనేది ఫార్-ఫెచ్డ్. కానీ చూడు, అట్లాంటిది కూడా ఒక్కొక్కసారి నిజమైపోతుంది. ఫోను లోపల పెట్టు. పొట్టేలు చూస్తా ఉంది."

క్లాసులో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. లక్ష్మణకు మాత్రం చెవుల దాకా వేడెక్కింది.

ఆమె పేరు నివేదిత. బజారు వీధిలో పాత్రల అంగడి పెట్టుకున్న పళనిస్వామికి ఒక్కతే కూతురు. ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, సాయంత్రాలు ఇక్కడ పాఠం చెబుతోంది. లక్ష్మణ ఇంట్లో గొర్రెలు, రెండు ఆవులు, కొంచెం సేద్యం. బి.ఎస్సీ. అయిపోయింది. హోసూరులో ఒక పశువుల దాణా కంపెనీ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలుస్తామన్నారు, ఇంగ్లీషులో మాట్లాడాలన్నారు. గొర్రెలు ఇంగ్లీషు అడగవు కదా అని అతను వాళ్ళను అడగలేకపోయాడు.

మర్నాడు సాయంత్రం బస్టాండు టీ అంగడి రేకుల కింద, పాలక్కోడు బస్సు కోసం ఎదురుచూస్తూ, క్షమాపణ చెప్పడానికి అతను చాలా తంటాలు పడ్డాడు.

"మీకు తెలుగు వస్తుందని నాకు తెలియదు టీచర్."

"తెలిసుంటే?"

"పొట్టేలు అనుండను. మేకపిల్ల అనుంటాను."

నివేదిత నవ్వు ఆపుకోవాలని చూసింది. చేతిలో టీ కొంచెం తొణికింది. అంతటితో టీచరుగిరీ సగం పోయింది.

"మీ ఇంట్లో అందరూ తెలుగేనా?" అని అడిగింది.

"మేమే కాదు, మా గొర్రెలు కూడా. అరవంలో పిలిస్తే తిరిగి కూడా చూడవు."

"మా ఇంట్లో తెలుగుకి వేరే పని ఉంది." నివేదిత గొంతు తగ్గించింది. "అంగడికి ఎవరన్నా వస్తే అప్ప అరవంలో ధర చెప్తాడు. వాళ్ళు తగ్గించమంటారు. అప్పుడు అప్ప అమ్మ వైపు తిరిగి తెలుగులో అడుగుతాడు, ఎంతకు ఇయ్యొచ్చు అని. అమ్మ తెలుగులో చెప్తుంది. మా తాత కాలం నుంచి అంతే. బేరం అరవంలో, లోపలి మాట తెలుగులో."

"వచ్చినోడికి తెలుగు తెలిసుంటే?"

"తెలుగోడు తెలుగులోనే అడుగుతాడు కదా. తెలిసి కూడా నోరు మూసుకొని అరవంలో బేరం చేసేవాడు ఎవడుంటాడు? అది ఫార్-ఫెచ్డ్."

ఇద్దరూ నవ్వుకున్నారు. బస్సు వచ్చింది. ఆ మాటను ఇద్దరూ అక్కడే మరిచిపోయారు.

ఆ తర్వాత అదొక ఆట అయింది. టీ అంగడి దగ్గర రోజుకొక వాక్యం. పాలక్కోడు బస్సు టైముకు వచ్చిందనేది ఫార్-ఫెచ్డ్. లక్ష్మణ హోంవర్కు చేసినాడనేది ఫార్-ఫెచ్డ్. టీచరమ్మ తన టీకి తానే డబ్బులిచ్చిందనేది మరీ ఫార్-ఫెచ్డ్. మీరు నువ్వు అయింది. వాన లేని సాయంత్రం కూడా ఇద్దరూ రేకుల కిందే నిలబడేవాళ్ళు. ఇంట్లో నల్లపొట్టేలుకు లక్ష్మణ టీచరమ్మ అని పేరు పెట్టాడు. మగ గొర్రెకు అదేం పేరురా అని పాపక్క తిట్టింది. తిట్టినా, కొడుకు ముఖం చూసి ఆమెకు సంగతి అర్థమైపోయింది.

ఒకనాడు లక్ష్మణ ఆటలోనే మరొక వాక్యం చెప్పాడు. "బజారు వీధి పాత్రల అంగడాయన గొర్రెలోళ్ళ ఇంటికి కూతురిని ఇస్తాడనేది ఫార్-ఫెచ్డ్."

నివేదిత నవ్వలేదు. రేకుల మీంచి జారుతున్న వాన నీళ్ళను చూస్తూ నిలబడింది.

"దీనికి ఆ మాట వాడొద్దు," అంది.

"ఎందుకు, గ్రామరు తప్పా?"

"గ్రామరు సరిగ్గానే ఉంది. నాకే బాగలేదు."

అంతకంటే పెద్ద మాట ఇద్దరిలో ఎవరూ అనలేదు. అనాల్సిన పని కూడా లేకపోయింది.

నివేదితకు సేలంలో ఒక సంబంధం అనుకుంటున్నారు. మేనమామ కొడుకు దినకరన్. మంచివాడే, అతని మీద ఆమెకు ఏ ఫిర్యాదూ లేదు. సంక్రాంతితో మొదలయ్యే తై నెలలో పెళ్ళి చేసేద్దామని ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. అందుకే ఆమె తొందరపడింది.

"ఆదివారం అప్పతో చెప్పేస్తాను," అంది. "అరుస్తాడు. రెండు పొద్దులు అన్నం తినడు. ఆ తర్వాత దోవకి వస్తాడు, నాకు తెలుసు. అంతకు ముందు నువ్వొకసారి అంగడికి పోయి మా అప్పను చూసి రా. ఏదన్నా కొను."

"చూసి?"

"చూసి, నీకు నచ్చినాడా లేదా చెప్పు. తెలుగు మాత్రం మాట్లాడొద్దు. తెలుగోడివని తెలిసిందంటే ఏ ఊరు, ఎవరి ఇల్లు, తాత పేరేమి అని నిమిషంలో అంతా లాగేస్తాడు. నేను చెప్పకముందే కథ బయటపడిపోతుంది."

లక్ష్మణ శుక్రవారం పోయాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొని, పాల క్యాను కావాలని అరవంలో అడిగాడు.

"వాంగ తంబి," అని పళనిస్వామి తమ్ముణ్ణి పిలిచినట్టు నోరారా పిలిచాడు. క్యాను మీద వేలితో కొట్టి మోగించి చూపించాడు. మూత బిగువుగా ఉందో లేదో చూసుకోమన్నాడు. ఎన్ని ఆవులున్నాయని అడిగి, క్యాను కంటే ముందు పాలు అమ్మే దోవ చూసుకో అని నవ్వాడు. నవ్వుతున్నప్పుడే ఆయాసం వచ్చి, స్టూలు మీద కూర్చుండిపోయాడు. పక్కనుంచి భార్య అలమేలు మాత్ర, నీళ్ళు పట్టుకొచ్చింది.

అప్పుడు మొదలైంది, లోపలి మాట.

"మధ్యాన్నం మాత్ర మళ్ళీ మరిచినావు," అంది అలమేలు తెలుగులో. "గుండె బాగా చెడిపోయింది, ఆపరేషనుకు కూడా తట్టుకోదు అని సేలం డాక్టరు చెప్పి ఎన్ని పొద్దులైంది? ఏ గట్టి మాటా చెవిన పడకూడదు అనినాడు. నువ్వు చూస్తే బిందెలు మోస్తా ఉండావు."

"మెల్లగా. బిడ్డ వచ్చే వేళయింది."

"బిడ్డకి ఎన్ని పొద్దులు చెప్పకుండా ఉండేది?"

"పెండ్లి అయ్యేదాకా. తెలిసిందంటే పెండ్లీ వద్దు, ఏమీ వద్దు అని నా పక్కనే కూర్చుంటుంది. తై దాకా నన్ను ఉండనిస్తే చాలు దేవుడు." పళనిస్వామి మాత్ర మింగి, లక్ష్మణ వైపు చూశాడు. చూస్తూనే భార్యతో తెలుగులో అన్నాడు, "ఈ పిల్లోడికి కొంచెం తగ్గించి ఇచ్చేయ్. మొగం చూస్తే మంచోడి మాదిరి ఉండాడు."

లక్ష్మణ ఏమీ అర్థం కానివాడిలా నిలబడాలి. నిలబడ్డాడు. తన జీవితంలో అంత కష్టమైన పని అతను ఇంకొకటి చేయలేదు. ఇచ్చిన నోటుకు మిగిలిన చిల్లర కూడా తీసుకోకుండా మెట్లు దిగిపోతుంటే పళనిస్వామే పిలిచి చేతిలో పెట్టాడు.

రాత్రంతా అతనికి ఒకటే ఆలోచన. ఆదివారం నివేదిత చెబుతుంది. ఆయన అరుస్తాడు. అరిచి, ఏదైనా అయితే? ఆ పిల్ల బతికినంతకాలం తన నోటినే తిట్టుకుంటుంది. పోనీ ఉన్నది ఉన్నట్టు ఆమెతో చెబితే? దాచుకోమని ఆ తల్లిదండ్రులు ప్రాణం బిగబట్టుకున్న మాట అది, దొంగతనంగా విన్న తను ఎలా చెప్పేది? ఆమె ఏం కోరుకుంటుందో ఆమెనే అడగవచ్చన్నది మాత్రం ఆ పిచ్చివాడికి తోచలేదు.

శనివారం టీ అంగడి దగ్గర వాన జోరుగా ఉంది.

"అప్ప నచ్చినాడా?" అని నివేదిత ముఖమంతా వెలుగుతో అడిగింది.

"నివేదితా, ఆదివారం చెప్పొద్దు. ఎప్పుడూ చెప్పొద్దు. మా అమ్మ వేరే మాట ఇచ్చేసింది. వత్తల్‌మలైలో మామ కూతురు ఉంది. చిన్నప్పుడే అనుకున్నారంట."

ఆమె ముందు నవ్వింది. తర్వాత అతని ముఖం చూసింది.

"మీ అమ్మకి అన్నదమ్ములు లేరని నువ్వే చెప్పినావు."

"దూరపు మామ."

"ఎంత దూరం?"

"కొండ మీద."

"లక్ష్మణా, ఇది ఫార్-ఫెచ్డ్."

"హోసూరులో ఉద్యోగం వస్తే నేను అక్కడే..."

"హోసూరు ఏమన్నా సముద్రం అవతల ఉందా?"

అతను టీ గ్లాసు వైపు చూశాడు. "నేనే నీకు సరిపోను. నేనే ఫార్-ఫెచ్డ్."

"మనిషికి వాడకూడదని మొదటి పొద్దే చెప్పినాను." ఆమె కళ్ళలో నీళ్ళు నిండాయి, గొంతు మాత్రం పాఠం చెప్పినట్టే ఉంది. "నన్ను వద్దనుకుంటే వద్దను. నేనేమీ నీ కాళ్ళు పట్టుకోను. కానీ కనీసం నేను నమ్మేటట్లు ఒక అబద్ధం చెప్పు. నీ కోసమే కాదు, నా కోసం. ఇంటికి పోయి నమ్మి ఏడ్చేదానికి."

లక్ష్మణకు ఒక్కటి కూడా దొరకలేదు. పాలక్కోడు బస్సు ఆ ఒక్క సాయంత్రం టైముకు వచ్చింది. అతను ఎక్కేశాడు. కిటికీలోంచి చూస్తే నివేదిత రేకుల కింద అలాగే నిలబడి ఉంది, టీ ముట్టుకోలేదు. దిగిపోవాలనిపించింది. దిగలేదు.

ఆదివారం ఆమె ఎవరితోనూ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఏముంది? లక్ష్మణ క్లాసుకు పోవడం మానేశాడు. గొర్రెల వెంట తిరుగుతూ, వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ గట్టిగా అనుకుంటూ ఉండేవాడు. ఇంటర్వ్యూ వచ్చింది, పాసయ్యాడు, తై తర్వాత చేరమన్నారు. సంతోషంగా చెప్పుకోవాలనుకున్న మనిషికి చెప్పే వీలు లేదు. పాపక్క సంగటి ముద్ద ముందు పెట్టి, తినరా అని రోజూ బతిమాలేది.

కార్తిక నెలలో కారిమంగళం సంతకు పోయారు తల్లీకొడుకులు. నల్లపొట్టేలును అమ్మక తప్పదని పాపక్క అంది. అది రోజురోజుకూ మొండికెత్తి, తక్కిన గొర్రెల్ని పొడుస్తోంది. లక్ష్మణ తాడు పట్టుకొని నిలబడ్డాడు. అమ్మ టీకి పోయింది. పొట్టేలు అతని కాలు తొక్కింది.

"టీచరమ్మా, కొంచెం అణిగి ఉండు," అని దాని చెవి నిమిరాడు. "నిన్ను అమ్మేది నాకు మాత్రం ఇష్టమా? అందరూ నా మీదనే కోపం చేసుకుంటే నేనేం చేసేది?"

"తంబి," అని వెనకనుంచి ఒక గొంతు. "ఆ పొట్టేలుతో ఇప్పుడు ఏ భాషలో మాట్లాడావు?"

గోనె పట్టా మీద చెంబులు, బిందెలు పరుచుకొని, శాలువా కప్పుకొని, స్టూలు మీద పళనిస్వామి. సంత రోజున ఆయన అక్కడ అంగడి పెడతాడని లక్ష్మణకు తెలియదు. మనిషి సగమైపోయాడు.

లక్ష్మణ పొట్టేలు చెవి వదిలేశాడు. పళనిస్వామి అరవం వదిలేశాడు.

"పాల క్యాను కొనుక్కొని పోయిన పిల్లోడివి నువ్వు. ఆ పొద్దు నీ ముందర మేము మాట్లాడుకున్నాము. అంతా వినినావా?"

"వినినాను అయ్యా."

"టీచరమ్మ అంటే ఎవరు?"

లక్ష్మణ తాడును చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు, మళ్ళీ చుట్టుకున్నాడు. పళనిస్వామి ఏళ్ళ తరబడి బేరగాళ్ళ ముఖాలు చదివిన మనిషి. ఆయనకు అంతకంటే చెప్పనక్కర్లేదు.

"ఆ వారం నుంచే నా బిడ్డ సరిగా అన్నం తినడం మానేసింది," అన్నాడు మెల్లగా. "సేలం సంబంధం గురించి అడిగితే, నీ ఇష్టం అప్పా అనింది. నా ఇష్టం అనే బిడ్డ కాదు అది, చీర రంగుకి కూడా నాతో కొట్లాడుతుంది. పాల క్యానుకీ దానికీ ముడి ఉందని ఎవరన్నా చెప్పుంటే, కథలు చెప్పొద్దు పో అనుంటాను."

అలాంటి కథకు ఆయన కూతురి దగ్గర ఒక ఇంగ్లీషు మాట ఉంది. ఆయనకు అది తెలియదు.

"నా ప్రాణానికి కాపలా ఉండమని నిన్ను ఎవరు అడిగినారు?"

"మీకు ఏమన్నా అయితే ఆ పిల్ల తట్టుకోదు అనుకున్నాను."

"నేను కూడా అదే అనుకొని దాచినాను. ఇద్దరమూ కలిసి దాన్ని ఏడిపించినాము." పళనిస్వామి శాలువా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. "మీరు వేరే, మేము వేరే. అప్పుడే అది వచ్చి చెప్పుంటే అరిచేవాడినే. అరిచి పోయేవాడినేమో కూడా. ఇప్పుడు అరిచేదానికి ఊపిరి లేదు. నేను సరే అన్నానని అనుకోవద్దు. ముందు ఇంటికి పోయి నా సంగతి నా బిడ్డకి చెప్పాల."

పాపక్క తిరిగొచ్చి, ఈ పెద్దాయన ఎవరా అని చూస్తూ నిలబడింది. పళనిస్వామి ఆమెకు దండం పెట్టాడు. పొట్టేలు వైపు చూపించి, "దాన్ని అమ్మొద్దు నాయనా," అన్నాడు. తంబి కాదు, నాయనా అన్నాడు. "ఇంకొకసారి అంగడికి వస్తే అరవంలో బేరం చెయ్యొద్దు. తెలుగులో అడుగు."

పొట్టేలు ఇంటికి తిరిగొచ్చింది. మర్నాడు సాయంత్రం నివేదిత ఫోను చేసింది. లక్ష్మణ సంతోషంగా ఎత్తాడు.

"అప్ప అంతా చెప్పినాడు," అంది. గొంతు రాయిలా ఉంది. "సేలం వాళ్ళకి వద్దని కూడా ఆయనే చెప్పేసినాడు. నువ్వు మంచోడివంట."

"నివేదితా..."

"నేను చెప్పేది విను. ఇన్ని నెలలూ నేను నీ కోసం రూములో ఏడుస్తా కూర్చున్నాను. అప్ప వచ్చి పక్కన కూర్చుంటే, తలనొప్పి, పో అప్పా అనినాను. తెలిసుంటే అనుంటానా? తెలిసుంటే ఆయన పక్క వదిలుంటానా? అమ్మా అప్పా దాచినారు, వాళ్ళు భయపడినారు. నువ్వెందుకు దాచినావు?"

"నీ కోసమే అనుకొని..."

"నా కోసం అనొద్దు. నా అప్ప పోతా ఉండాడని నాకు తెలియాలా వద్దా అనేది నువ్వెవరు నిర్ణయం చేసేదానికి? రావొద్దు. ఫోను కూడా చెయ్యొద్దు. ఉండే కొన్ని పొద్దులూ నన్ను ఆయనతో ఉండనీ."

లక్ష్మణ గొర్రెల దొడ్డి గోడకు ఆనుకొని చాలాసేపు కూర్చున్నాడు. గొప్ప త్యాగం చేశానని ఇన్నాళ్ళూ ఒక మూల అతనికి కొంచెం గర్వం కూడా ఉండేది. అది ఆ సాయంత్రం పూర్తిగా పోయింది. ఆమె అన్నదాంట్లో తీసేయడానికి ఒక్క మాట కూడా లేదు.

తై ఇంకా రాకముందే, మార్గళి నెలలో, ఒక తెల్లవారుజామున, కూతురి చేతిలో చెయ్యి పెట్టుకొనే పళనిస్వామి పోయాడు. బజారు వీధి అంగళ్ళన్నీ మూశారు. లక్ష్మణ వీధి చివర జనంలో నిలబడి ఏడ్చాడు. దగ్గరికి పోలేదు. రావొద్దని ఆమె చెప్పింది కదా.

తై పోయింది. లక్ష్మణ హోసూరులో పనిలో చేరాడు. ఆ తర్వాతి మాసి నెలలో ఒక ఆదివారం ఇంటికి వస్తే పాపక్క ఊరుకోలేదు.

"పెద్దాయన తెలుగులో అడుగు అని చెప్పి పోయినాడు. నువ్వు అడగలేదు. ఆ పిల్ల వద్దంటే వద్దని తిరిగి రా. అడగకుండా ఉండేది మాత్రం ఆయనకు మర్యాద కాదు."

సాయంత్రం అతను బజారు వీధికి పోయాడు. అంగడి తెరిచే ఉంది. అలమేలు ఇంకా బయటికి రావడం లేదు. నివేదిత ఒక్కతే, అప్ప నిలబడే చోట నిలబడి ఉంది. ఎదురుగా మాదయ్య అనే ముసలి రైతు ఒక ఇత్తడి బిందెను తిప్పి తిప్పి చూస్తున్నాడు. లక్ష్మణ మెట్ల దగ్గరే ఆగిపోయాడు. ఆమె చూసింది. చూడనట్టు తల తిప్పుకుంది.

నివేదిత అరవంలో ధర చెప్పింది. ముసలాయన తగ్గించమన్నాడు. ఆమె అలవాటుగా పక్కకు తిరిగింది, తెలుగులో అడగబోయి నోరు తెరిచింది. పక్కన ఖాళీ స్టూలు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. లోపలి మాటకు ఇద్దరు మనుషులు కావాలి. ఆ అంగడిలో ఇప్పుడు ఆమె ఒక్కతే ఉంది.

ముసలాయన ఎదురుచూస్తున్నాడు. నివేదిత స్టూలు వైపే చూస్తూ, లక్ష్మణ వైపు తిరగకుండానే, తెలుగులో అడిగింది.

"ఎంతకు ఇయ్యొచ్చు?"

లక్ష్మణకు ఇత్తడి గురించి ఏమీ తెలియదు. ఆ అంగడిలో విన్న లోపలి మాట అతనికి ఒక్కటే తెలుసు.

"కొంచెం తగ్గించి ఇచ్చేయ్," అన్నాడు. "మొగం చూస్తే మంచోడి మాదిరి ఉండాడు."

నివేదిత రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ఏడుపు ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. మాదయ్య కంగారుపడిపోయాడు. అంత తక్కువ అడిగేశానా అమ్మా అని అరవంలో బతిమాలి, చెప్పిన ధరే ఇస్తానన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపి, తగ్గించే ఇచ్చింది. ఆయన బిందె భుజాన పెట్టుకొని, వెనక్కి వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఆ మాట ఎక్కడిది?" అని అడిగింది.

"మీ అప్పది. క్యాను కొనేదానికి వచ్చిన పొద్దు నన్ను చూసి మీ అమ్మతో అనినాడు. నాకు అర్థం కాదనుకొని."

"అప్ప నిన్ను చూసి అట్లా అనినాడా?"

"అనినాడు."

"ఇది కూడా దాచినావు."

"చెప్పేదానికి నువ్వు టైము ఇయ్యలే."

"ఇంకేమన్నా దాచినావా? ఇప్పుడే చెప్పేయ్."

లక్ష్మణ ఆలోచించాడు. "హోసూరులో పనిలో చేరినాను. మా నల్లపొట్టేలు పేరు టీచరమ్మ. అంతే, ఇంకేమీ లేదు."

ఏడుస్తున్న మనిషికి నవ్వొచ్చింది. రెండూ ఒకేసారి రావడంతో ఆమెకు పొలమారింది. కొంగుతో ముఖం తుడుచుకొని, అతని వైపు తిరిగింది.

"ఇంకెప్పుడూ నా కోసం అని చెప్పి నాకు తెలియకుండా ఏదీ దాచవు కదా."

"దాచను."

"కొంచెం ఫార్-ఫెచ్డ్‌గా ఉంది."

"ఉంది. ఒక్కొక్కసారి నిజమైపోతుంది అని టీచరమ్మ చెప్పింది."

ఆమె స్టూలు మీద చెయ్యి పెట్టి, దాని మీద లేని దుమ్ము తుడిచింది.

"నేను ఇంకా నిన్ను పూర్తిగా మన్నించలే," అంది. "కానీ అప్ప నిన్ను ఏదో అడగమన్నాడంట కదా. తెలుగులో."

లక్ష్మణ మెట్లెక్కి లోపలికి వచ్చాడు. చెప్పులు విడిచాడు. ఆమె వైపు కాదు, ఆ స్టూలు వైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు.

"అయ్యా," అన్నాడు. "ఆలస్యంగా వచ్చినాను. మీ బిడ్డను నాకు ఇస్తారా?"

వీధిలో పాలక్కోడు బస్సు హారను కొట్టుకుంటూ పోయింది. నివేదిత మళ్ళీ ఏడ్చింది, ఈసారి ముఖం దాచుకోకుండా. ఏడ్చి, కళ్ళు తుడుచుకొని, గల్లాపెట్టె పక్కనున్న అడ్డ పలకను పైకెత్తి పట్టుకుంది.

"అక్కడ నిలబడితే బేరగాడు అనుకుంటారు," అంది. "ఇట్లా, లోపలికి రా."